ఎత్తు కోసం నిలబెట్టిన పిల్లలు

నేను పాత కాగితాలు బాగుచేస్తాను. చిరిగిన పటాలు, చెదలు తిన్న రిజిస్టర్లు, తేమకి ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫోటోలు. మా ఊరి అంచున ఇసుకరాయి శిఖరాలున్న జాతీయ పార్కు ఉంది. ఆ పార్కు మ్యూజియం వెనకవైపు నాలుగు మెట్లు దిగితే ఒక పొడవాటి గది వస్తుంది. అక్కడ కిటికీ కింద నా బల్ల. బల్ల మీద భూతద్దం దీపం, బ్లాటింగ్ కాగితాలు, దూది చుట్టిన పుల్లలు, వెంట్రుకంత సన్నటి కుంచెలు. ఎనిమిదేళ్ళు ఆ గదిలో పనిచేశాను. అక్కడి జిగురు వాసన ఇంటిదాకా నాతోనే వచ్చేది. జడ వేస్తుంటే మా పెద్దది ముక్కు మూసుకుని, "అమ్మా, నీ చెయ్యి పాత పుస్తకం వాసనొస్తోంది" అనేది.

పెద్దదానికి అప్పుడు పదేళ్ళు. చిన్నాడికి ఏడు. మా ఆయన ఓడల మీద ఇంజను పని చేస్తారు, మూడు నెలలకోసారి వస్తారు. మా వైపువాళ్ళు గానీ ఆయన వైపువాళ్ళు గానీ ఎవరూ ఈ దరిదాపుల్లో లేరు. పిల్లాడికి జ్వరమొస్తే మందుకి పరిగెత్తాలా, పక్కన కూర్చోవాలా అని గుమ్మంలో నిలబడి ఆలోచించే బతుకు మాది. అందుకే మా ఇంట్లో నియమాలు ఎక్కువ. చీకట్లో ఇంట్లోకి అడుగుపెడితే నేను దీపం వేసేదాకా గోడకి ఆనుకుని నిలబడాలి. బయట ఎవరికీ పేర్లు చెప్పకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, నేను వాళ్ళని ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలి. నేనొచ్చి మూడు చప్పట్లు కొట్టి "చాలు, ఇంటికి పదండి" అనేదాకా అడుగు కదపకూడదు. కొత్తవాళ్ళెవరైనా వచ్చి "మీ అమ్మ పంపింది" అంటే నమ్మకుండా ఉండటానికి నేను పెట్టిన గుర్తు అది.

"భూకంపం వచ్చినా కదలకూడదా?" అని అడిగింది పెద్దది ఒకసారి.

"వచ్చినా."

"మరి ఒంటేలు వస్తే?" అన్నాడు చిన్నాడు.

"ముందే వెళ్ళి రావాలి."

"అమ్మ దగ్గర అన్నిటికీ జవాబుంటుందిరా. వాదించి లాభం లేదు," అంది పెద్దది, పెద్ద ఆరిందాలా.

ఆ చప్పట్ల గుర్తు మా నలుగురికీ కాక ఇంకొక్కరికే తెలుసు. మ్యూజియంలో నాకు ముందు పనిచేసిన పెద్దాయనకి. ఎనభై దాటాయి ఆయనకి. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం వదిలి ఇరవై ఏళ్ళైనా రోజూ వచ్చి నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. కాగితాన్ని తడపకుండా తుడవడం నాకు నేర్పింది ఆయనే. చిన్నాడికి ఊపిరి ఆడక ఆసుపత్రిలో పెట్టినప్పుడు మూడు రోజులు పెద్దదానికి జడలు వేసి బడికి పంపింది ఆయనే. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని, పిల్లలు తాతయ్యా అనేవాళ్ళు. బడి రిజిస్టర్లో పిల్లల్ని తీసుకెళ్ళడానికి అనుమతి ఉన్నవాళ్ళు అనే చోట మా ఇద్దరి తర్వాత ఆయన పేరే రాయించాను. ఈ ఊళ్ళో నాకు పుట్టిల్లంటూ ఏదైనా ఉంటే అది ఆయనే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే రేడియోలో ఇసుక గాలి వస్తుందన్నారు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు వచ్చేదే. సాయంత్రానికి గాని రాదన్నారు. బడి మధ్యాహ్నమే వదిలేశారు. నేను పిల్లల్ని ఊరి లైబ్రరీలో దింపి, ఐదింటికి వస్తానని చెప్పి పనికి వచ్చాను. మ్యూజియం నుంచి లైబ్రరీకి నడిస్తే పది నిమిషాలు.

మూడింటికి పెద్దాయన వచ్చాడు. కోటు లోపలి జేబులోంచి ఒక కవరు తీసి నా బల్ల మీద పెట్టాడు. పెట్టిన చెయ్యి తీయడానికి కాసేపు పట్టింది.

"ఇది మా నాన్న తీసింది. దీన్ని పెద్దది చేయించి ప్రదర్శనలో పెట్టాలట. కొంచెం శుభ్రం చేసి పెట్టు తల్లీ."

పాత పోస్టుకార్డు. నలుపు తెలుపు ఫోటో మీద చేత్తో రంగులు వేసినది. ఐదు ఇసుకరాయి శిఖరాలు, ఎర్రగా, పక్కపక్కన నిలబెట్టిన వేళ్ళలా ఉన్నాయి. వెనకాల పలచటి నీలం ఆకాశం. కింద పార్కు పేరు, ముత్యాల్లాంటి అక్షరాల్లో. ఆయన తండ్రి ఈ పార్కు మొదటి ఫోటోగ్రాఫరని తెలుసు గానీ, ఆయన తీసిన కార్డు ఇంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పనితనం చాలా బాగుంది. ఒక్క మూడో శిఖరం అడుగునే లోపం. అక్కడ ఎవరో చిక్కటి ఎర్ర రంగుతో రెండు కుంచె దెబ్బలు వేశారు. మిగతా రాయి మీద రంగు పలచగా ఉంది, అక్కడ మాత్రం పక్కు కట్టింది.

"ఆ మచ్చ తీసెయ్యాలి," అన్నాడు.

"మీరే తీయొచ్చు కదా బాబాయ్? నాకు నేర్పిందే మీరు."

"నా చేతులు వణుకుతున్నాయమ్మా."

నిజమే, వణుకుతున్నాయి. వయసు అనుకున్నాను.

పుల్ల చివర దూదిని తడిపి, బ్లాటింగ్ మీద అద్ది, తడి ఉందా లేదా అన్నంతగా చేసి మచ్చ అంచున ఆనించాను. రంగు తేలిగ్గానే లేచింది. దూది ఎర్రబడింది. ఇంకో పుల్ల, ఇంకోటి. భూతద్దంలో ముందు ఒక చిన్న చెప్పు కనపడింది. తర్వాత పిక్క. తర్వాత గౌను అంచు.

ఇద్దరు పిల్లలు. బండకి వీపు ఆనించి, చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పిల్లకి పదేళ్ళుంటాయి. ఖాళీగా ఉన్న చెయ్యి ఎండకి అడ్డంగా నుదుటి మీద పెట్టుకుంది. పిల్లాడు ఇంకా చిన్నవాడు. బియ్యపు గింజలో సగం ఉంటాయేమో వాళ్ళ మొహాలు. అయినా, ఎవరో చెప్పింది బుద్ధిగా చేస్తున్న పిల్లల మొహాలని తెలిసిపోతోంది.

"ఎవరు వీళ్ళు?"

"ఎవరో పనివాళ్ళ పిల్లలు," అన్నాడు. "అప్పట్లో అలా నిలబెట్టేవాళ్ళు. కొండ ఎంత ఎత్తో చూసేవాళ్ళకి తెలియాలంటే పక్కన మనిషి ఉండాలి. పిల్లల్ని పెడితే కొండ ఇంకా ఎత్తుగా కనపడుతుంది. నేను చెప్పేదాకా కదలొద్దు అని నిలబెట్టి, దూరంగా వచ్చి తీసేవాడు నాన్న. ఆ రోజు మధ్యలో ఇసుక గాలి లేచింది. ఆయన కెమెరా పెట్టె నెత్తిన పెట్టుకుని దిగొచ్చేశాడు."

"మరి పిల్లలు?"

"దొరకలేదు. తర్వాత నాన్న కూర్చుని ప్రతి కార్డు మీదా వాళ్ళని రంగుతో మూసేశాడు. వందల కార్డులు. ఒక్కో కార్డుకి రెండు దెబ్బలు."

కన్నతల్లి ఎవరైనా అంతే. ఎవరి పిల్లల సంగతి విన్నా ముందు సొంత పిల్లలే కళ్ళ ముందు మెదులుతారు.

"వాళ్ళకి ఇక చాలు, రండి అని ఎవరూ చెప్పలేదు," అన్నాడు పెద్దాయన. చాలా మెల్లగా అన్నాడు. "ఒక్కసారి పిలువు తల్లీ. మీ పిల్లల్ని పిలిచినట్టు. ముసలాడి చాదస్తం అనుకో."

నవ్వబోయాను. ఆయన కళ్ళు చూసి ఆగిపోయాను. ఆయన నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఎనిమిదేళ్ళలో అదే మొదటిది.

కార్డు మీదికి వంగాను. మూడు చప్పట్లు కొట్టాను.

"చాలు. ఇంటికి పదండి."

గదిలో నా గొంతే వింతగా వినపడింది. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, "నన్ను తిట్టుకోకు," అని వెళ్ళిపోయాడు. ముసలాళ్ళు అలా ఏదో అంటుంటారు. నేను వాడిన పుల్లలు లెక్కపెట్టి చెత్తబుట్టలో వేశాను.

నాలుగు దాటగానే కిటికీ ఎర్రబడింది. పొద్దు వాలిన ఎరుపు కాదు. ఇటుకపొడి ఎరుపు. గాలి ముందు దూరంగా మూలిగింది, తర్వాత గోడకి ఆనుకుని మూలిగింది. తలుపు సందుల్లోంచి సన్నటి దుమ్ము పాకి వచ్చింది. తడిసి ఎండిన రాయి వాసన. దీపం రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయింది.

రేడియో చెప్పిన దానికంటే ముందే వచ్చేసింది గాలి.

కార్డుని కవర్లో పెట్టబోతూ జేబు టార్చి వేసి ఒకసారి చూశాను. పనిలో అది నా అలవాటు.

మూడో శిఖరం దగ్గర ఎవరూ లేరు.

తుడిచిన చోటు అలాగే ఉంది. రాయి ఉంది. రాతిలో పగుళ్ళు ఉన్నాయి. పిల్లలే లేరు. నా దూదికి తడి ఎక్కువై ఫోటో పొరే లేచిపోయిందనుకున్నాను. నా గుండె ఆగినంత పనైంది, కానీ ఉద్యోగం గురించి. అప్పటికి నాకు తట్టింది అంతే. కార్డుని బల్ల సొరుగులో పెట్టి, మొహానికి శాలువా చుట్టుకుని, పిల్లల కోసం బయల్దేరాను.

వీధి లేదు. ఎర్రటి గోడ ఒకటి కదులుతోంది, అంతే. దీపస్తంభాలు తగిలాకే తెలుస్తున్నాయి. ఎవరో ఎక్కడో అరుస్తున్నారు, మాటలు తెలియడం లేదు. ఇసుక పళ్ళ మధ్య కరకరలాడుతోంది. పది నిమిషాల దారి అరగంట పట్టింది.

లైబ్రరీ తలుపులు మూసేసి ఉన్నాయి. లోపల చీకటి. మెట్ల మీద, గోడకి వీపు ఆనించి, ఇద్దరు పిల్లలు. కోట్ల టోపీలు మొహాల మీదికి లాక్కుని ఉన్నారు. నీలం కోటు, పసుపు కోటు కొన్నాను వాళ్ళకి. ఆ దుమ్ములో రెండూ ఒకే రంగు. కదలకుండా నిలబడి ఉన్నారు. నా పిల్లలు. నా నియమం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడు చప్పట్లు కొట్టాను. "చాలు, ఇంటికి పదండి!"

వచ్చి చెరో చెయ్యి పట్టుకున్నారు. చేతులు ఐసులా ఉన్నాయి. గరుకుగా ఉన్నాయి.

"గ్లవ్స్ ఏవి? మళ్ళీ పారేశారా ఇద్దరూ?"

ఇద్దరూ తలలు ఇంకా కిందికి వంచుకున్నారు. ఆలస్యమైందని అలిగారనుకున్నాను. దారిలో చిన్నాడు నా చెయ్యి రెండుసార్లు లాగాడు. ఏదో చెప్పబోయాడు. "నోట్లోకి దుమ్ము పోతుంది, మాట్లాడకు," అన్నాను. పెద్దది ఒకసారి ఆగి వెనక్కి చూసింది. విసురుగా లాగాను. ఆ విసురు ఇప్పటికీ నా చేతికి గుర్తుంది.

ఇంట్లోకి వచ్చి తలుపు మూయగానే గాలి చప్పుడు తగ్గింది. లోపల కటిక చీకటి. చెప్పకుండానే ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను చేతులతో తడుముకుంటూ కొవ్వొత్తి కోసం వంటింట్లోకి వెళ్ళాను. వెనకాల ఏదో రాలుతున్న చప్పుడు. సన్నగా... ఆగకుండా... కోట్ల మీది ఇసుక అనుకున్నాను.

హాల్లో ఫోన్ మోగింది.

"లైబ్రరీ నుంచమ్మా," అంది ఒక ఆడగొంతు. గరగరమంటోంది. "ఎప్పుడొస్తారు? మీ పిల్లలు ఇంకా ఇక్కడే ఉన్నారు."

"లేదండీ, నేను తీసుకొచ్చేశాను. ఇక్కడే ఉన్నారు."

"ఇక్కడే ఉన్నారమ్మా. మీరు పిలిస్తే గాని కదలరట." ఆ తర్వాత ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"అమ్మా..." మా పెద్దది. ఎక్కిళ్ళు పెడుతోంది. "నువ్వు చప్పట్లు కొట్టావు. మేం మెట్లు దిగుతున్నాం. నువ్వు వేరేవాళ్ళ చేతులు పట్టుకున్నావు. మా ముందు నుంచే వెళ్ళిపోయావు. ఎందుకమ్మా? మేం ఏం చేశాం?"

ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"తొందరగా రా అమ్మా. తమ్ముడికి చలేస్తోంది."

లైను తెగిపోయింది.

నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను. గోడ వైపు చూశాను. చీకట్లో చీకటి కంటే చిక్కగా రెండు ఆకారాలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చేతులు పట్టుకుని ఉన్నాయి. వీపులు గోడకి ఆనించి... కదలకుండా... కార్డులో ఎలా ఉన్నాయో అలా.

ఎవరో చెప్పింది బుద్ధిగా చేస్తున్న పిల్లలు.

"ఎవరు మీరు?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఇసుక రాలుతోంది.

"ఎవరు... మీరు?"

"అమ్మా," అంది పొట్టి ఆకారం, గుసగుసగా. "దీపం వెయ్యి."

అది మా చిన్నాడి గొంతు. ఆ గొంతే. 'దీపం' అనేటప్పుడు పడే ఆ చిన్న నత్తితో సహా. మా వాడి గొంతుని ఇంత బాగా నేర్చుకున్నదేదో నా ఇంట్లో నిలబడి ఉంది. నేనే పిలిచాను. నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. నా కన్నపిల్లలు గాలిలో నిలబడి నా కోసం ఏడుస్తున్నారు.

ఏం చెయ్యాలి? తలుపు తీసి పరిగెడితే నా వెనకే వస్తారు. నా పిల్లల దగ్గరికి వస్తారు. ఆగాలి వీళ్ళు. ఇక్కడే ఆగిపోవాలి.

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"ఇక్కడే ఉండండి," అన్నాను. ప్రేమగా అన్నాను. అది తలచుకుంటే ఈ రోజుకీ అన్నం సహించదు. "కదలొద్దు. నేను పిలిచేదాకా."

వెనక్కి అడుగులు వేసుకుంటూ బయటికొచ్చాను. తలుపు లాగాను. తాళం వేశాను. చెక్క అవతల నుంచి, చాలా దగ్గరగా...

"సరే అమ్మా," అంది పెద్ద పిల్ల.

ఎలా పరిగెత్తానో తెలియదు. లైబ్రరీ మెట్ల మీద ఇద్దరున్నారు. టోపీలు వెనక్కి తీసుకుని ఉన్నారు. నన్ను చూడగానే పెద్దది ఎండకి అడ్డం పెట్టుకున్నట్టు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసింది. గాలిలో ఇసుక కదా మరి. చప్పట్లు కొట్టే ఓపిక కూడా లేదు నాకు. మెట్ల మీదే కూలబడి ఇద్దర్నీ గుండెలకి హత్తుకున్నాను. అంత చలిలోనూ వాళ్ళ చేతులు వెచ్చగా ఉన్నాయి. పొద్దంతా ఎండ కాసిన బండలా.

"వచ్చావా?" అన్నాడు చిన్నాడు. ఏడవలేదు. "చాలాసేపు నిలబడ్డాం."

ఇంటికి వెళ్ళలేదు. గాలికి చిక్కినవాళ్ళంతా బడి హాల్లో పడుకుంటే, మేమూ అక్కడే పడుకున్నాం. పొద్దున్నే పక్కింటి వడ్రంగిని తోడు తీసుకుని తాళం తీశాను. ఇంట్లో ఎవరూ లేరు. కిటికీలన్నీ లోపలి నుంచి గడియ వేసే ఉన్నాయి. నేలంతా సన్నటి దుమ్ము. గోడ దగ్గర రెండు జతల పాదాల గుర్తులు. అక్కడిదాకా వచ్చినవి ఉన్నాయి. వెళ్ళినవి లేవు.

"పిల్లి కూడా దూరలేదమ్మా ఈ ఇంట్లోకి," అన్నాడు వడ్రంగి. "దేనికి భయపడ్డావు?"

పిల్లల్ని వెంటబెట్టుకుని నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పిల్లల్ని గేటు దగ్గర ఉంచి లోపలికి వెళ్ళాను.

"ఎవరు వాళ్ళు?"

"మా అక్క. మా అన్న," అన్నాడు. దాచలేదు. "నాకు ఆరేళ్ళు. దగ్గొచ్చి ఇంట్లో ఉండిపోయాను. నాన్న, పిల్లలు తన వెనకే వస్తున్నారనుకుని దిగొచ్చాడు. కదలొద్దని చెప్పిన సంగతి కిందికొచ్చాక గాని గుర్తు రాలేదు ఆయనకి. అప్పటి నుంచీ గాలి లేచిన ప్రతిసారీ ఈ గుమ్మం బయట ఇసుక రాలే చప్పుడు. లోపలికి రారు. వెళ్ళరు. నేను పిలిచి చూశాను తల్లీ, ఎన్నోసార్లు. నా మాటకి రాలేదు. అమ్మ పిలవాలి వాళ్ళని. మా అమ్మ అప్పటికే పోయింది."

"ఊళ్ళో ఎంతమంది అమ్మలున్నారు! నేనే దొరికానా మీకు? బాబాయ్ అన్నాను మిమ్మల్ని. నా పిల్లల్ని మీ చేతుల్లో పెట్టాను. నాకు ఇద్దరు పిల్లలున్నారని తెలిసి కూడా..."

"నీకు ఇద్దరు పిల్లలున్నారు కాబట్టే," అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనిపించలేదు. చెయ్యెత్తి కొట్టాలనిపించింది. ఇంతలో గేటు చప్పుడైంది. పెద్దది లోపలికొచ్చి నా పక్కన నిలబడింది. చెప్పిన చోటు వదిలి రావడం దాని జీవితంలో అదే మొదటిసారి.

పెద్దాయన కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద పడ్డాడు. దాన్ని ఎప్పుడూ 'చిట్టితల్లీ' అని పిలిచే మనిషి, దాని రెండు చేతులూ కళ్ళకి అద్దుకుని, ఆరేళ్ళ పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తూ అన్నాడు.

"అక్కా..."

అది ఆయన నెరిసిన తల నిమిరింది. "దగ్గు తగ్గిందా?" అని అడిగింది.

మేం లోపల మాట్లాడుకున్నది విని ఉంటుంది. అలాగే అనుకున్నాను. దాన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చేశాను. ఆయన మొహం మళ్ళీ చూడలేదు. ఉద్యోగం మానేశాను. నెల తిరక్కుండానే ఆయన నిద్రలో పోయాడని చెప్పారు. నేను వెళ్ళలేదు. పిల్లల్ని పంపలేదు.

ఒకసారి కూరగాయల దుకాణంలో లైబ్రరీ ఆవిడ కనపడింది. ఆ రోజు ఫోన్ చేసి చెప్పినందుకు దణ్ణం పెట్టాను. ఆవిడ వింతగా చూసింది. "నేనెప్పుడు చేశానండీ? మీ నంబరే నా దగ్గర లేదు. ఆ రోజు గాలికి ఊళ్ళో ఫోన్లన్నీ పడిపోయాయి కూడానూ," అంది. మర్చిపోయి ఉంటుంది. పెద్దావిడ కదా.

రెండేళ్ళు గడిచాయి. మా పిల్లలు బంగారం. కొట్టుకోరు. అరుచుకోరు. నియమాలు గుర్తు చేయక్కర్లేదు. మా ఆయన ఓడ దిగి వచ్చినప్పుడల్లా, "ఏం మందు పెట్టావే వీళ్ళకి? నాకూ కాస్త పెట్టు," అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. సాయంత్రం ఇద్దరూ వీధి వైపు చూస్తూ పక్కపక్కన నిలబడతారు. రమ్మంటే వస్తారు.

ఒక్క జోళ్ళ దుకాణమతనికే నోరు ఊరుకోదు.

"ఏమ్మా, వీళ్ళకి తిండి పెట్టడం లేదా? రెండేళ్ళ నుంచి అదే నంబరు!" అన్నాడు మొన్న, కొలబద్ద మీద పెద్దదాని పాదం పెట్టి. "నా జన్మలో ఇలాంటి బేరం చూడలేదు. పిల్లల కాళ్ళంటే మూడు నెలలకోసారి నా కడుపు నింపాలి."

"ఎదుగుతార్లే. ఒక నంబరు పెద్దది ఇవ్వండి," అన్నాను. ఆరు నెలలకోసారి అదే మాట అంటున్నాను. వెళ్ళిన ప్రతిసారీ ముందటి కంటే ఒక నంబరు పెద్దది కొంటున్నాను. ఎదగాల్సిన లెక్క ప్రకారం. కొన్నవి కొన్నట్టే పెట్టెల్లో పెట్టి మెట్ల కింద అరలో సర్దుతున్నాను. ఎవరూ వేసుకోలేదు. ఎవరికీ పట్టవు... అంత పెద్దవి.

మొన్న కొత్త పెట్టెలు పెడదామని అర తెరిచాను. చోటు చాలక పాతవి కిందికి దించాను. ఒక పెట్టె జారి మూత ఊడింది.

రెండేళ్ళ కిందటి జత. పెద్దదానికి కొన్నది. ముందు భాగం వేళ్ళు తన్ని ఉబ్బిపోయి ఉంది. ఇరుకై, వదిలేసిన జోళ్ళు. అడుగు చూశాను. అరిగిపోయి ఉంది.

తర్వాతి నంబరు తీశాను. అదీ అరిగింది. చిన్నాడివి తీశాను. అవీ.

మా పెద్దది నడక నేర్చినప్పటి నుంచీ ఎడమకాలు కొంచెం లోపలికి ఒరిగించి నడిచేది. ఏ జోడు కొన్నా నెల తిరగకముందే మడమ లోపలి అంచు అరిగిపోయేది. ఆ దుకాణమతనే అక్కడ తోలు ముక్క వేసిచ్చేవాడు. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా వేయించాల్సిన పని పడలేదు. ఇప్పుడు అది తిన్నగా నడుస్తోంది.

ఆఖరి పెట్టె తీశాను. ఆరు నెలల కిందట కొన్నది. పన్నెండేళ్ళ పిల్లకి సరిపోయే నంబరు. బోర్లా తిప్పి, కిటికీ వెలుతురులో పట్టుకున్నాను.

ఎడమ జోడు. మడమ లోపలి అంచు అరిగి ఉంది.